రెండు చుక్కల మధ్య మా జెస్విత

పిల్లలందరి కళ్ళూ ఒకే ఎత్తులో ఉండాలని పైనుంచి ఉత్తర్వు వచ్చిందని సత్యవేణి టీచరు చెప్పగానే, నేను చేసిన మొదటి పని మా జెస్వితని వాకిట్లో వెలుతురులోకి తీసుకెళ్ళి దాని కళ్ళు చూసుకోవడం. ఎడమది ఒక నూలుపోగంత కిందికి ఉన్నట్టు అనిపించింది. ఇంకోసారి చూస్తే కుడిది అనిపించింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

సత్యవేణి మా వీధి చివర పిల్లల కేంద్రంలో టీచరు. నెలనెలా పుష్టి పిండి ఇచ్చేది ఆవిడే. జెస్వితకి అప్పుడు ఎనిమిదో నెల. తూకం పట్టీలో దాని చుక్క పసుపు రంగులో ఉంది, పచ్చలోకి ఎక్కాలి. రాగి జావ పెడితే కక్కింది. అరటిపండు పిసికి పెడితే నా ముఖాన ఊసింది. ఈ పుష్టి పిండి ఒక్కటే నోరు తెరిచి, ఇంకా పెట్టమన్నట్టు చేతులు ఊపుతూ తింటోంది. అలాంటిది, కొత్త కార్డు లేనివాళ్ళకి వచ్చే నెలనుంచి పిండి ఆపేస్తారట. కార్డు కావాలంటే ఫొటో కావాలి. ఫొటోలో కళ్ళు రెండూ సమానంగా ఉండాలి.

ఈ ఆలోచన మా ప్రాజెక్టు అధికారి పరాంకుశం గారిది. ఆయన ఏదో పెద్ద ఊరికి శిక్షణకి వెళ్ళి వచ్చారు. వచ్చాక పాత రిజిస్టర్లు తిరగేస్తే ఒక్క పిల్ల ఫొటో కూడా తిన్నగా లేదట. ఒకరి తల ఇటు, ఒకరి తల అటు. పసిపిల్లలకి మెడ నిలవదు కదా అని ఎవరో అన్నారట. మెడ నిలవకపోవడం వ్యక్తిగత విషయమనీ, చిత్రం నిలవకపోవడం శాఖాపరమైన విషయమనీ ఆయన చెప్పారట. "సమతలమే సంక్షేమం" అని బ్యానరు కొట్టించి అన్ని కేంద్రాలకీ పంపారు. మా కేంద్రంలో దాన్ని ఒక పక్క కిటికీ ఊచకీ, ఇంకో పక్క తలుపు గడియకీ కట్టారు. గడియ కిందికి ఉండడంతో సంక్షేమం కొంచెం జారినట్టుండేది.

ఫొటోల రోజున నేనూ మా అత్త రవణమ్మా పిల్లకి తలంటి, పౌడరు రాసి, కొత్త గౌను వేసి తీసుకెళ్ళాం. బుగ్గన దిష్టి చుక్క మా అత్తే పెట్టింది. అంతమంది జనం చూసే చోటని ఎప్పటికన్నా పెద్దది పెట్టింది. పావలా బిళ్ళంత ఉంది.

కంప్యూటరు ఆటోలో వచ్చింది. ఒళ్ళో పెట్టుకునే చిన్న కంప్యూటరు కాదు. మంజూరైంది బల్ల మీది కంప్యూటరు కాబట్టి బల్ల కూడా ఆటోలోనే వచ్చింది. తెర పగలకుండా దాన్ని పసిబిడ్డలా పొదువుకుని హిమజ గారు దిగారు. ప్రోగ్రాము రాసింది ఆవిడే. చిన్న వయసు, కళ్ళకింద నలుపు, ఆవిడా నాలాగే సరిగ్గా నిద్రపోతున్నట్టు లేదు.

ఇది ఏం చేస్తుందమ్మా అని అడిగితే విసుక్కోకుండా చెప్పింది. "ఫొటోలో రెండు పాయింట్లు పట్టుకుంటుందండీ. ఒక కన్ను, రెండో కన్ను. రెండింటినీ కలిపితే గీత వస్తుంది కదా. ఆ గీత ఎంత వాలిందో చూసుకుని, ఫొటో మొత్తాన్ని అంత వెనక్కి తిప్పేస్తుంది. అప్పుడు కళ్ళు రెండూ కార్డులో మేం పెట్టిన రెండు చుక్కల మీదికి వచ్చి కూర్చుంటాయి."

రెండు చుక్కలు కలిపి గీత గీయడం దాకా నాకు తెలుసు. తొమ్మిదో తరగతిలో అక్కడిదాకా వచ్చాకే నా బడి ఆగింది. ఆ గీతతో తర్వాత ఏం చేస్తారో ఇన్నాళ్ళకి తెలిసింది.

మొదటి ఫొటో మా జెస్వితదే. తెల్లగుడ్డ ముందు చిన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాను. దాని అలవాటు ప్రకారం తల ఒక పక్కకి వాల్చి కెమెరా వైపు చూసింది. హిమజ గారు మీట నొక్కింది. తెరమీద ఫొటో గిర్రున తిరిగింది. తిరిగి ఆగాక చూస్తే తెల్లగుడ్డ ఉంది, కుర్చీ చెయ్యి ఉంది, కింద మూలన ఒక బొటనవేలుంది. పిల్ల లేదు.

పిల్ల ఎదురుగా కుర్చీలోనే ఉందని తెలిసి కూడా పరిగెత్తి ఎత్తుకున్నాను.

తిప్పేటప్పుడు మేకు ఎక్కడ కొట్టామన్నది ముఖ్యమట. పటానికి నడిమధ్యన మేకు కొట్టి తిప్పితే ఉన్నచోటే తిరుగుతుంది. పై మూలన కొట్టి తిప్పితే ఊయల తెగినట్టు బొమ్మ బయటికి పోతుంది. హిమజ గారి ప్రోగ్రాము మూలన కొట్టింది. ఆవిడ నాలిక కరుచుకుని, సరిచేయడానికి కీబోర్డు దగ్గరికి లాక్కుంది. ఈలోపు పరాంకుశం గారు తెరముందుకు వంగి చూసి, పక్కనున్న గుమాస్తాతో రాయించడం మొదలుపెట్టారు.

"చిత్రమందు శిశువు కానరాలేదు. గైర్హాజరు."

ఒళ్ళోనే ఉంది కదండీ అన్నాను.

"ఒడి మా పరిధిలోకి రాదమ్మా," అన్నారాయన. "చిత్రమే మా పరిధి."

అదృష్టం కొద్దీ అప్పటికి ప్రోగ్రాముకి ప్రారంభోత్సవం కాలేదు. ప్రారంభం కానిదాన్ని సరిచేయొచ్చు. హిమజ గారు మేకుని మూలనుంచి పీకి మధ్యన కొట్టింది. ఆ వెంటనే పరాంకుశం గారు కంప్యూటరుకి కట్టిన రిబ్బను కత్తిరించారు. కత్తిరించే ముందు రిబ్బను వాలిందేమోనని తాపీమేస్త్రి దగ్గర తెచ్చిన రసమట్టం పెట్టి చూశారు. అందరం చప్పట్లు కొట్టాం. ఇక ఆ ప్రోగ్రాములో ఒక్క అక్షరం మార్చాలన్నా రాజధాని నుంచి అనుమతి రావాలి.

రెండోసారి జెస్విత ఫొటోలో ఉంది కానీ పక్కకి పడుకుని ఉంది. కుర్చీ గోడెక్కుతోంది. ఒక కన్ను పైన, దానికి సూటిగా కింద రెండో కన్ను. కార్డులో ఉండాల్సిన రెండు చుక్కల మీదికి మాత్రం ఒక కన్నూ, మా అత్త పెట్టిన దిష్టి చుక్కా వచ్చి హాయిగా కూర్చున్నాయి.

హిమజ గారు గొంతు తగ్గించి చెప్పింది. ప్రోగ్రాము వెతికేది కళ్ళని కాదట, నల్లగా గుండ్రంగా ఉన్న రెండు మచ్చల్ని. అన్నిటికన్నా నల్లటిది ముందు పట్టుకుంటుంది. మా అత్త చుక్క పిల్ల కంటికి రెండింతలుంది.

చుక్క తుడిచేయమన్నారు పరాంకుశం గారు. మా అత్త కొంగు బిగించింది.

"అంతమంది కళ్ళలో పెట్టి చుక్క తుడవమంటే ఎట్టయ్యా? రాత్రికి పిల్ల గుక్కపట్టి ఏడిస్తే నువ్వొచ్చి ఉప్పు తిప్పుతావా?"

ఉప్పు తిప్పడం ఎవరి విధుల్లోనూ లేదని ఆయన చెప్పారు. దిష్టి చుక్క తుడవమనే అధికారం కూడా తనకి ఉందో లేదో చూడాలని ఆయనకే అనుమానం వచ్చినట్టుంది, గొంతు సవరించుకుని అటు తిరిగారు. నాకూ తుడవాలని లేదు. నవ్వుకుంటే నవ్వుకోండి, పసుపు గీతలో ఉన్న పిల్ల, దానికి ఉన్న కాపలా ఆ చుక్క ఒక్కటే. సత్యవేణి టీచరు మధ్యేమార్గం చెప్పింది. బుగ్గన తుడిచి అరికాలికి పెట్టండి, దిష్టికి అరికాలైనా ఒకటే కదా అంది. మా అత్త కాసేపు ఆలోచించి ఒప్పుకుంది. బుగ్గన తగ్గించినదానికి పరిహారంగా అరికాలికి రెండింతలు పెట్టింది.

అప్పటికి వెనక తల్లుల వరుస గేటు దాటింది. పిల్లలు రాగాలు తీస్తున్నారు. మూడోసారి జెస్వితని కూర్చోబెట్టాను. తల తిన్నగా ఉంది, కళ్ళు తిన్నగా ఉన్నాయి, నా ఊపిరి కూడా బిగబట్టాను. హిమజ గారు మీట నొక్కింది. సరిగ్గా ఆ క్షణాన ఎనిమిదో నెల పిల్లలు ఏం చేస్తారో అదే చేసింది మా పిల్ల. కాలు ఎత్తి బొటనవేలు నోట్లో పెట్టుకుంది.

ఎవరూ తెర చూడలేదు. తరువాతి శిశువు, అన్నారు పరాంకుశం గారు.

కార్డులు వచ్చిన రోజే పిండి పంచే రోజు కూడా. నేను పిల్లని చంకనెత్తుకుని కేంద్రానికి వెళితే వరుసలో ముందున్న తల్లులు పిల్లల్ని రకరకాలుగా పట్టుకుని నిలబడ్డారు. ఒకామె పిల్లవాణ్ణి కత్తిపీటలా వాల్చింది. ఇంకొకామె పాపని అడ్డంగా, ఇంచుమించు బిందెలా పట్టుకుంది. ఆ పాపకి కణత దగ్గర పుట్టుమచ్చ ఉంది. ఏమిటిదంతా అని అడిగితే ముందున్న శారదాంబ, "కార్డులో ఎట్టుంటే పిల్ల అట్టుండాలంట లీలా. కలవకపోతే పిండి లేదంట," అని, తన కొడుకు తల కార్డుతో సరిపోల్చుకుని ఇంకాస్త వాల్చింది. వాడికి సరదాగానే ఉన్నట్టుంది, కిలకిలా నవ్వుతున్నాడు.

నా వంతు వచ్చింది. సత్యవేణి టీచరు కార్డు తీసి, చూసి, మళ్ళీ చూసి, నా ముఖం చూసింది. కార్డు నా చేతికిచ్చింది.

మా జెస్విత తలకిందులుగా ఉంది. ప్రోగ్రాము అరికాలి చుక్కని ఒక కన్నుగా పట్టుకుంది. కాలేమో కంటి పక్కనే ఉంది. ఇందులో ఏది మొదటి పాయింటు, ఏది రెండోది అన్నది అటూ ఇటూ అయి, ఫొటోని సగం చుట్టు తిప్పి ముద్రించేసింది. గీత మాత్రం రసమట్టం పెట్టి చూసినా వంక పెట్టలేనంత తిన్నగా ఉంది.

"తలకిందులుగా పట్టుకోవాలా?" అని అడిగాను.

సత్యవేణి కళ్ళు దించుకుంది. తనకి మనసొప్పడం లేదనీ, కానీ కలవకుండానే రిజిస్టరులో కలిసింది అని రాస్తే పైనుంచి తనిఖీ వస్తుందనీ చెప్పింది. ఇంట్లో మిగిలిన పిండి డబ్బా అడుగున గుప్పెడుంది. పిండి లేకుండానే పిల్లని ఇంటికి తెచ్చి, ఆ రాత్రి పిండి కలిపేటప్పుడు నీళ్ళు కాస్త ఎక్కువ పోశాను. పిల్ల కనిపెట్టింది. గిన్నెలోకి చూసి, నా వైపు చూసింది.

పొద్దున్నే మా అత్తని వెంటబెట్టుకుని పరాంకుశం గారి ఆఫీసుకి వెళ్ళాను. మా ఆయన లారీ మీద ఎక్కడో నాగపూరు అవతల ఉన్నాడు. ఫోనులో చెబితే, ఫొటోదేముంది ఆధార్‌లో నేను మా తాతలా ఉంటాను అన్నాడు. ఆయనకి అన్నీ తేలికే.

ఆఫీసులో అన్నీ తిన్నగా ఉన్నాయి. గోడమీది పటాలు, బల్లమీది ఫైళ్ళు, పరాంకుశం గారి మీసం. హిమజ గారు కూడా అక్కడే ఉంది. నా కార్డు చూసి ఆవిడ ముఖం ఎర్రబడింది.

"ఒక్క నిమిషం పని సార్," అంది. "మళ్ళీ ఫొటో తీసి..."

ప్రోగ్రాములో లోపం లేదని నివేదిక వచ్చేసిందని ఆయన గుర్తుచేశారు. ఆ నివేదిక ఎవరిచ్చారని అడిగితే ప్రోగ్రామే ఇచ్చిందన్నారు. ముద్రించిన అన్ని కార్డుల్లోనూ రెండు చుక్కల మీదా రెండు మచ్చలు ఉన్నాయట. నూటికి నూరు. రాష్ట్రంలో మన ప్రాజెక్టే మొదటిదట. ఇప్పుడు ఒక్క కార్డు రద్దు చేస్తే నూరు కాస్తా తగ్గుతుంది.

నేను బతిమాలాను. పిల్ల పసుపులో ఉందని చెప్పాను, వేరే ఏదీ ఇమడడం లేదని చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నారు. మనిషి చెడ్డవాడు కాదు. కార్డుని బల్లమీద పెట్టి, రసమట్టం దానికి ఆనించి, బుడగ మధ్యకి వచ్చేదాకా ఆగి, అప్పుడు చెప్పారు.

"కార్డు సక్రమముగానే యున్నది. ఇక శిశువును కార్డుకు అనుగుణముగా నిలుపుటయే తరువాయి. ఒక్క క్షణము తిప్పండమ్మా. నేనే ధ్రువీకరిస్తాను."

"ఇప్పుడే పాలు తాగింది సార్," అన్నాను. "తిప్పితే మీ బల్లమీదే కక్కుద్ది."

ఆయన ఫైళ్ళు పక్కకి జరిపారు. నేను పిల్లని గట్టిగా పొదువుకున్నాను. పిండి కోసం వచ్చినదాన్నే, కాదనను. కానీ ఆ మనిషి ఎదురుచూస్తూ కూర్చోవడం చూశాక నా చేతులు కదల్లేదు. పిండి లేకపోతే ఇంకేదైనా పెడతాను, కక్కితే మళ్ళీ పెడతాను, తలకిందులు మాత్రం చెయ్యను అని చెప్పేశాను. చెప్పాక భయమేసింది.

హిమజ గారు చెయ్యి చాపి బల్లమీది కార్డుని నెమ్మదిగా సగం చుట్టు తిప్పింది. జెస్విత తిన్నగా అయింది. నోట్లో కాలు పెట్టుకుని, లోకంలో ఏ బాధా లేనట్టు నవ్వుతోంది.

పరాంకుశం గారు కుర్చీలోంచి లేచారు.

"శాఖా ముద్ర," అన్నారు.

కార్డు పైన శాఖ ముద్ర ఉంది. వెలుగుతున్న ప్రమిద. కార్డు తిప్పాక ప్రమిద బోర్లా పడింది, మంట కిందికి వేలాడుతోంది. ముద్రని అవమానించడం ఎంతటి నేరమో, దానికి ఏ నియమం కింద ఏ చర్య ఉంటుందో ఆయన వివరంగా చెప్పారు. చెప్పడం అయ్యాక కార్డుని రెండు చేతులా పట్టుకుని మళ్ళీ తిప్పి పెట్టారు. జెస్విత మళ్ళీ తలకిందులైంది.

పంకా ఒకటి తిరుగుతోంది, అదీ నడిమధ్యన మేకు ఉన్నట్టు పద్ధతిగా. అప్పటిదాకా గోడవార బెంచీ మీద తమలపాకు నములుతున్న మా అత్త నోరు తెరిచింది.

"పిల్లని తిప్పకూడదంటది మా కోడలు. కార్డు తిప్పకూడదంటావు నువ్వు. ఇంక మిగిలింది నువ్వే కదయ్యా."

ఇక పిండి గింజ కూడా రాదనుకున్నాను. కానీ పరాంకుశం గారు కోప్పడలేదు. నియమాల పుస్తకం తెప్పించారు. అధికారి ఏ భంగిమలో తనిఖీ చేయాలన్నది అందులో ఎక్కడా లేదట. లేదు కాబట్టి అభ్యంతరమూ లేదట. గుమాస్తాని పిలిచి చెప్పి రాయించారు. ఆ కాగితం తర్వాత మా కేంద్రం తలుపుకి అంటించారు. చూసి చూసి నాకు నోటికొచ్చేసింది.

"శిశువును గాని, కార్డును గాని తలకిందులు చేయుట తగని కారణముచేత, ధ్రువీకరించు అధికారి కార్డును తన వెనుక యథోచిత స్థానమున నుంచి, నడుము వంచి, కాళ్ళ నడుమ నుండి కార్డును అవలోకించి, పిదప నిటారుగా నిలిచి శిశువును అవలోకించవలెను. రెండు అవలోకనముల నడుమ కళ్ళు తిరుగుట తగ్గువరకు వ్యవధి తీసుకొనవచ్చును."

మొదట ఆ పని సత్యవేణి టీచరుకి అప్పగించారు. ఆవిడ తన నడుం నొప్పికి డాక్టరు ఇచ్చిన చీటీ చూపించింది. ఆయాకి చెబితే చీర కట్టుకుని ఇదేం పనని ఆవిడ అసలు రానే లేదు. నూటికి నూరు నిలబెట్టాలంటే వంగేవాళ్ళు ఒకరు ఉండాలి. చివరికి పిండి పంచే రోజున పరాంకుశం గారే జీపు దిగి వచ్చారు.

వీధి వీధంతా వచ్చింది. ఆయన ఎవరి వైపూ చూడలేదు. కండువా తీసి గుమాస్తాకిచ్చారు. కార్డుని వెనకాల స్టూలు మీద, ప్రమిద తిన్నగా ఉండేటట్టు నిలబెట్టించారు. కాళ్ళు ఎడంగా పెట్టి, చేతులు మోకాళ్ళకి ఆనించి, నెమ్మదిగా వంగారు. ఎర్రబడిన ముఖం కాళ్ళ మధ్యలోంచి మాకు కనిపించింది. మీసం నుదుటి వైపుకి జారింది.

వాలుగా ఉన్న పిల్లలు, అడ్డంగా ఉన్న పిల్లలు, అందరూ ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టారు. మా జెస్విత అయితే నా చంకలోంచి దూకబోయింది. దానికి అంత నవ్వు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

మా అత్త పక్కనున్న శారదాంబ చెవిలో, వీధంతటికీ వినపడేలా, "పిల్లలు అట్టా వంగి చూస్తే వెనకాల తమ్ముడొస్తాడంటారు. సారుకి ఈ వయసులో ఎట్టా మరి," అంది.

పరాంకుశం గారు లేచారు. వ్యవధి తీసుకున్నారు. జెస్విత వైపు చూశారు. గొంతు సవరించుకున్నారు.

"సరిపోయినది. పిండి ఇవ్వవచ్చును."

అలా మొదలైంది. ప్రతి నెలా ఆయన వచ్చారు. అడ్డంగా ఉన్న కార్డులకి నడుము పక్కకి వంచడం కూడా అలవాటు చేసుకున్నారు. దాంతో మిగతా తల్లులు పిల్లల్ని వాల్చడం మానేశారు. పొట్ట తగ్గి మనిషి తేలికపడ్డారనీ, ఇదివరకటిలా ఆయాసం లేదనీ గుమాస్తా చెప్పాడు. పక్క ప్రాజెక్టుల అధికారులకి ఆయన చేత శిక్షణ ఇప్పించారట. ప్రోగ్రాము మార్చడానికి రాజధాని నుంచి అనుమతి వచ్చిందో లేదో నేను అడగలేదు. హిమజ గారు ఒకసారి కేంద్రానికి వచ్చి, జెస్వితని ఎత్తుకుని, దాని అరికాలు చూసి, ముద్దు పెట్టుకుని వెళ్ళిపోయింది.

జెస్విత చుక్క పసుపు దాటి పచ్చలోకి ఎక్కింది. తూకం పట్టీలో ఆ చుక్కనీ ముందు నెల చుక్కనీ కలుపుతూ సత్యవేణి గీసిన గీత ఏటవాలుగా పైకి పోయింది. అంత వాలుగా ఉన్న గీతని చూసి నేను ఎప్పుడూ అంత సంతోషపడలేదు. దాన్ని ఎవరూ తిప్పకుండా పట్టీ మడిచి బీరువాలో పెట్టాను.

పిల్ల ఇప్పుడు గోడ పట్టుకుని నిలబడుతోంది. మొన్న పొద్దున నేను వంటింట్లో ఉంటే మా అత్త పెద్దగా పిలిచింది. పరిగెత్తాను. హాల్లో జెస్విత రెండు అరచేతులూ నేలకి ఆనించి, తల కిందికి వంచి, కాళ్ళ మధ్యలోంచి వెనక్కి చూస్తోంది.

"తమ్ముడే," అంది మా అత్త, కళ్ళు మెరుస్తూ. "చూశావా, ఎట్టా పిలుస్తోందో. చక్కెర డబ్బా తే, పక్కింటికి చెప్పొస్తా."

ఇంకో కాన్పు, ఇంకో పిల్ల, ఇంకో కార్డు, ఇంకో ఫొటో. అంతలో పిల్ల ఎటు చూస్తోందో గమనించాను. దాని వెనకాల గూట్లో పిండి డబ్బా ఉంది, డబ్బాకి ఆనించి కార్డు ఉంది. ఆ వంగినచోటు నుంచి చూస్తే కార్డులో జెస్విత తిన్నగా, కాలు నోట్లో పెట్టుకుని, తనని చూసి తనే నవ్వుతోంది.

"తమ్ముడు కాదత్తయ్యా," అన్నాను. "తనిఖీ."

పిల్ల మెల్లగా లేచి గోడ పట్టుకుంది. కాసేపు ఆగింది. గొంతు సవరించుకుంది, అచ్చం ఆయనలాగే. ఆ తర్వాత పిండి డబ్బా వైపు చెయ్యి చాచింది.